రూనిట్ దీవిపై కాంక్రీటు మూత

పసిఫిక్ సముద్రమందలి ఎనెవెటాక్ దీవులలో అమెరికా 1948 మొదలు 1958 వఱకు 43 అణ్వస్త్ర పరీక్షలు గావించెను. 1977-80 నడుమ ప్లుటోనియము సోకిన మట్టిని సైనికులచే గీయించి, రూనిట్ దీవిలో 1958 నాటి ప్రేలుడు త్రవ్విన గోతియందు నింపించి, పైని 18 అంగుళముల కాంక్రీటు కప్పించెను. పైమట్టి పోయిన నేల గతియేమో సేద్యమెఱిగిన మన పాఠకులకు వేఱుగ చెప్పనేల? గోతి కడుగున ఏ కప్పును లేదు. సముద్రపు పోటుపాటులతో లోని నీరు కదలుచునే యున్నది. ప్లుటోనియము సగమగుటకు 24,000 సంవత్సరములు పట్టును. మూతకు ఏబదియేండ్లయిన నిండకమునుపే పగుళ్లు కనబడినవి! రూనిట్ లో మనుష్యు లెన్నటికిని నివసింపరాదట.

ఇంత చేసియు, 1986లో అమలునకు వచ్చిన ఒడంబడికను చూపి, ఆ మూత భారము మార్షల్ దీవుల ప్రభుత్వముదేయని అమెరికా వాదించుచున్నది. పరీక్షలకు గాని, మూతకు గాని నిర్ణయము చేసినది ఆ చిన్నరాజ్యమా? నేడచ్చటి నీటిని పరీక్షించువారును అమెరికా అధికారులే. ఆ పని దీవివాసు లెన్నుకొన్న శాస్త్రజ్ఞులకు వెంటనే యప్పగింపవలెను; వ్యయమును అమెరికా భరింపవలెను.