నిర్మాణ దశలో కూలీకి స్థానమేది?

'అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు' అన్నారు పెద్దలు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ అనంతపురం మెట్టసీమలో ఆ మాట విలువ అందరికీ తెలిసినదే. ఉగాదినాడు పంచాంగశ్రవణం విన్నంతమాత్రాన ఇక్కడి రైతు ఏడాది సేద్యమంతా నిర్ణయించుకొనడు. ఒక వానకు దుక్కి దున్నుతాడు. మరొక పదునుకు వేరుసెనగ విత్తుతాడు. అదును తప్పితే ఉలవలు చల్లి ఊరట పొందుతాడు. నేల చెప్పినది విని, తన ఆలోచనను మార్చుకొంటాడు.

కంప్యూటరు లోకం ఈ వివేకాన్ని చాలా ఆలస్యంగా గ్రహించిందని మా అభిప్రాయం. పూర్వం సాఫ్ట్‌వేరు నిర్మాణం జలపాతం వలె సాగేది. అవసరాలన్నీ ముందే వ్రాసుకొని, ఆపై నమూనా గీసి, ఆపై ప్రోగ్రాము వ్రాసి, చిట్టచివర పరీక్షించేవారు. తప్పు బయటపడేసరికి కాలమూ ధనమూ రెండూ ఖర్చయిపోయేవి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనుచోట పదిహేడుగురు నిపుణులు సమావేశమై, ఈ బాధకు విరుగుడుగా ఒక ప్రకటన వెలువరించారు. దానితో 'అజైల్' అను పేరు స్థిరపడింది.

ఈ పద్ధతిలో నిర్మాణ దశ ఒక్కసారిగా ముగియదు. చేయవలసిన పనులను ప్రాధాన్యక్రమంలో పేర్చి, వారం మొదలు నాలుగు వారాల లోపు గడువుగల చిన్న ఆవృత్తులుగా విభజిస్తారు. ఒక్కొక్క ఆవృత్తిలో కొంత భాగం వ్రాసి, అప్పుడే పరీక్షించి, పనిచేసే రూపంలో వాడుకదారుల ముందుంచుతారు. వారి మాట విని తరువాతి ఆవృత్తిని దిద్దుకొంటారు. కాగితాల దొంతర కాక, పనిచేసే సాఫ్ట్‌వేరే ప్రగతికి కొలమానం.

ఇంతవరకు రైతుకూ ప్రోగ్రామరుకూ పోలిక చక్కగా కుదిరింది. కాని ఒకచోట కుదరదు. రైతు చేసిన పొరపాటు రైతు ఇంటికే తిరిగివస్తుంది. సాఫ్ట్‌వేరులోని పొరపాటు వ్రాసినవాని ఇంటికి రాదు. వాడేవాని ఇంటికి పోతుంది. కనుక సమీక్ష సమయాన ఎదుట ఎవరు కూర్చున్నారన్నదే అసలు ప్రశ్న. సొమ్ము చెల్లించే అధికారియా? ఆ యంత్రంపై కూలి ఆధారపడిన శ్రామికురాలా?

ఈ ప్రశ్న మన గడపలోనిదే. 2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధాని డాక్టర్ మన్మోహన్ సింగ్ మన జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. పనుల అంచనాలు, మస్టర్లు, కూలి చెల్లింపులు నమోదు చేసే సాఫ్ట్‌వేరును మన రాష్ట్రం కోసం టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ రూపొందించింది. అదే ఏడాది సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. కంప్యూటరులోని పేర్లూ దినాలూ పల్లెకు తెచ్చి, ఇంటింటా చదివి వినిపించి, 'ఈ పని చేసితివా? ఈ కూలి ముట్టినదా?' అని అడిగేవారు. అవి అక్రమాలను పట్టుటకు పుట్టినవే గాని, సాఫ్ట్‌వేరు పరీక్షకు పుట్టినవి కావు. అయినను, అక్షరం రాని అవ్వ సైతం యంత్రం చెప్పినదానిని కాదనగలదని అవి నిరూపించాయి. అజైల్ సమీక్షకు ఇంతకంటె ఉత్తమమైన నమూనా ఏది?

దీనికి విరుద్ధమైన ఉదాహరణా ఉంది. 2021లో కేంద్రం పనిస్థలపు హాజరుకై ఒక మొబైల్ యాప్‌ను ప్రవేశపెట్టి, 2023 జనవరి 1 నుండి దాదాపు అన్ని పనిస్థలాలకూ తప్పనిసరి చేసింది. రోజుకు రెండుమార్లు స్థలసూచనతో కూడిన ఛాయాచిత్రం పంపవలసివచ్చేది. దొంగ మస్టర్లను అరికట్టవలెనన్న ఉద్దేశం మంచిదే. కాని సిగ్నల్ అందనిచోట చెమటోడ్చినవారికి హాజరు పడలేదని దేశంలో పలుచోట్ల శ్రామికులు వాపోయారు. తరువాత సవరణలు వచ్చాయి. కాని ఆ సవరణకు మూల్యం ఎవరి కూలి నుండి పోయినది? గుట్ట క్రింద కందకం త్రవ్వే నలుగురి చేత మొదటి ఆవృత్తిలోనే పరీక్ష చేయించి ఉంటే, ఆ తప్పు పరీక్షలోనే తేలిపోయేది కదా!

ప్రభుత్వపు పనికి టెండరు, బడ్జెటు, గడువు ఉంటాయి. మాటిమాటికి మార్చుట సాధ్యమా అని కొందరు ప్రశ్నించవచ్చు. ఈ ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. అయితే గడువును నిలిపియే, మొదట ఒక మండలంలో, పిమ్మట ఒక డివిజనులో ప్రయోగించి దిద్దుకొనవచ్చును. కోట్ల మందిపై ఒకేసారి ప్రయోగించుట మాత్రం అజైల్ కాదు, తొందరపాటు.

2005 నాటి ఉపాధి చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. చట్టం మారినా ఈ ప్రశ్న మారలేదు. రేషను, పింఛను, పంటల బీమా, అన్నీ యంత్రం గుండానే నడుస్తున్నవి.

ఉర్దూలో 'మష్వరా' అంటాము, తెలుగులో సంప్రదింపు అంటాము. ఏ భాషలో చెప్పినా అర్థమొక్కటే: ఎవరి బ్రతుకును నిర్ణయిస్తున్నామో వారిని అడుగుట. కంప్యూటరు విద్య నభ్యసించి రేపు బెంగుళూరుకో హైదరాబాదుకో వెళ్ళనున్న మన విద్యార్థులకు మా విన్నప మిదియే. మీ ప్రోగ్రాము పనిచేస్తున్నదని మీరు చెప్పుకొనవద్దు. పనిచేసే చేతులను చెప్పనివ్వండి.