కొండదారికి సరంజామా

కాకినాడనుండి ఒక సోదరి యిట్లు వ్రాసినారు. వారి కుమార్తె ఇంటర్మీడియెటు చదువుచున్నది. సంక్రాంతి సెలవులలో తోడి బాలికలతోను, ఒక ఉపాధ్యాయురాలితోను గూడి పాడేరు చెంతనున్న వంజంగి కొండకును, లంబసింగికిని పోయి రెండు రాత్రులు గుడారములలో గడపవలెనని యా బాలిక కోరిక. తండ్రి సమ్మతించెను. నాయనమ్మగారు మాత్రము, ఆడపిల్ల చలిలో ఆరుబయట పండుకొనుట యేమని రెండు దినములు ఎవరితోను మాటలాడలేదట. ఇంట నున్న డబ్బు కొంచెము. అంగడివాడు వ్రాసి యిచ్చిన పట్టిక బారెడు. ఏది కొనవలెను, ఏది మానవలెను, అసలు పంపవచ్చునా యని యామె ప్రశ్న.

పంపవచ్చుననియే నా యభిప్రాయము. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన, 14 ఏండ్లు నిండకమునుపే ఎవరెస్టు శిఖర మెక్కినది. మన పిల్లలు వంజంగికి పోలేరా? అయినను నాయనమ్మగారి భయమును త్రోసివేయరాదు. లంబసింగి సుమారు 1,000 మీటర్ల యెత్తున నున్నది. పుష్యమాసపు తెల్లవారుజామున అచ్చటి చలి సున్న డిగ్రీల దరికి దిగిన దినములు గలవు. సముద్రతీరమున పుట్టి పెరిగినవారికి చలి యనగా పైట చెంగు భుజముమీదుగా కప్పుకొనుటయే గాని వేరొకటి తెలియదు. కావున పంపుట యెంత న్యాయమో, చలికి తగినట్లు సిద్ధపరచి పంపుట యంత యవసరము.

మొదట జోళ్లు. ఉన్న డబ్బులో ఎక్కువ భాగము వీనికే వ్యయము చేయుడని నా మనవి. భారతమున అనుశాసనికపర్వములో ఒక కథ గలదు. జమదగ్ని బాణములు వేయుచుండగా రేణుకాదేవి వానిని ఏరి తెచ్చుచుండెను. మిట్టమధ్యాహ్నపు టెండకు ఆమె తలయు పాదములును మాడి, చెట్టునీడ నొక క్షణము నిలిచి యాలస్యముగా వచ్చెను. జమదగ్ని కోపించి సూర్యునిపైననే విల్లెత్తగా, సూర్యుడు విప్రవేషమున దిగివచ్చి గొడుగును, పాదరక్షలను ఇచ్చి పోయెను. లోకమున పాదరక్షలు పుట్టినది ఒక యిల్లాలి కాళ్లు కాలినందువలన. ఇట్టి కథను చదువుకొన్న మనమే, ఆడపిల్ల కాలికి ఏదో యొక చెప్పు చాలునని యెట్లు తలంతుము?

జోళ్లు సాయంకాలమున కొనవలెను. దినమంతయు తిరిగిన పాదము కొంత ఉబ్బియుండును. నడకలోను అట్లే యుబ్బును. కొండకు తొడుగుకొను మేజోళ్లనే వేసికొని పోయి, వేళ్లకును జోటి కొనకును నడుమ బొటనవ్రేలి వెడల్పు ఖాళీ యుండునట్లు చూడవలెను. ఎక్కునప్పుడు తెలియదు గాని దిగునప్పుడు పాదము ముందునకు జారి వేళ్లు తగిలి గోళ్లు నల్లబడును. మడమ మాత్రము కదలరాదు. అడుగుభాగమున లోతైన గాళ్లు లేక నున్నగా నున్న జోళ్లు, అవి యెంత అందముగా నున్నను, మంచు పడిన రాతిపై పనికిరావు. కొన్న తరువాత ఇంటను, బజారునకును నెల దినములు తొడుగుకొని తిరుగవలెను. క్రొత్త జోళ్లతో కొండ యెక్కినవారు బొబ్బలతో దిగుదురు.

బట్టల విషయమున నూలుపై మనకున్న ప్రేమను ఈ రెండు దినములు ప్రక్కకు పెట్టవలెను. వేసవిలో నూలువంటిది లేదు. కాని యది చెమటను పీల్చి తడిసి, త్వరగా ఆరక, చల్లగాలి తగులగానే ఒంటి వేడిని లాగివేయును. అందుచే ఒంటి నంటియుండునది పాలియెస్టరు గాని సన్నని ఉన్ని గాని కావలెను. దానిపై ఉన్ని స్వెట్టరు, ఆపైన గాలిని, వానను ఆపు పలుచని కోటు. ఒక్క మందపు కోటుకంటె ఈ మూడు పొరలు మేలు; ఎక్కునప్పుడు ఒకటి విప్పవచ్చును, ఆగినప్పుడు తొడుగవచ్చును. స్వెట్టరు క్రొత్తది కొననక్కరలేదు, పెట్టెలోని పాతదే చాలును. చీర యేల కాదని యడుగువారికి నా జవాబు: చీకటిలో రాళ్లపై నడచునప్పుడు కుచ్చెళ్లు కాళ్లకు చుట్టుకొనును. సల్వారు మంచిది.

పడక సంచి, అనగా స్లీపింగు బ్యాగు, కొనుటలో స్త్రీలు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి గలదు. అంతర్జాతీయ ప్రమాణము ననుసరించిన సంచులపై కొన్ని ఉష్ణోగ్రతలు అచ్చువేయబడి యుండును. 'కంఫర్టు' అనునది సామాన్యపు స్త్రీ సుఖముగా నిద్రింపగల చలి. 'లిమిటు' అనునది సామాన్యపు పురుషుడు ముడుచుకొని పండుకొని ఓర్వగల చలి. 'ఎక్స్‌ట్రీము' అనునది ప్రాణము నిలుచుటకు సంబంధించిన లెక్క. దానిని నమ్మి కొనరాదు. అంగడివాడు ఏ అంకె చెప్పుచున్నాడో అడుగవలెను. అయిదు డిగ్రీలని చెప్పినది పురుషుని లెక్క యైనచో, మన బాలిక ఆ చలిలో రాత్రియంతయు వణకుచుండును. పక్షి ఈకల సంచి తేలికయే గాని తడిసినచో వెచ్చదన ముడుగును. మంచు విరివిగా కురియు మన మన్యమునకు కృత్రిమపు దూది సంచియే మేలు. సంచి క్రింద నురుగుచాప తప్పక యుండవలెను. పైనుండి వచ్చు చలికంటె నేలనుండి వచ్చు చలి మోసకారి. చాపకు డబ్బు మిగుల్చుకొని సంచికి వ్యయము చేసినవారికి ఆ వ్యయ మంతయు నేలపాలే.

గుడారము కొనవలదు; అద్దెకు దొరకును. అనుమతి యున్న తావుననే వేయవలెను. పైకప్పునకు వేరుగా వానగుడ్డ గలదా, గాలి పోవుటకు కిటికీలున్నవా అని చూచిన చాలును. కిటికీలు మూసినచో ఊపిరిలోని తేమయే లోపల నీరై కారి పడకలను తడుపును.

ఇక్కడ ఒక మాట నాయనమ్మలకును, తల్లులకును, పిల్లలకును గట్టిగా చెప్పవలసియున్నది. చలికి తాళలేక బొగ్గుల కుంపటిని గాని, వంట పొయ్యిని గాని గుడారములో పెట్టుకొనరాదు. బొగ్గు విడుచు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో నున్నవారు మేల్కొనకయే పోవుదురు. నాయనమ్మగారు భయపడవలసినది చలికి కాదు, దీనికి.

వీపుసంచి బరువు ఒంటి బరువులో అయిదవవంతు మించరాదు. 45 కిలోల బాలికకు 9 కిలోలు. అంతకు తక్కువైన మరియు మంచిది. నడుము పట్టీ గల సంచి తీసికొని, పట్టీని తుంటి యెముకలపై బిగించినచో బరువు భుజములపై పడదు. పొట్టివారికి తగిన వీపు కొలత గలదా యని అడుగవలెను, ఏలన అనేక సంచులు పురుషుల కొలతకు కుట్టినవి. గంధమాదనపు దారిలో సొమ్మసిల్లిన ద్రౌపదిని మోయుటకు ఘటోత్కచుడు వచ్చెను. మనకు వచ్చువారు లేరు.

తలకు కట్టుకొను టార్చి, ఒక ఈల, ఉప్పు పంచదారల పొట్లములు, దోమల మందు మరువరాదు. మన్యమున మలేరియా గలదు గనుక సంధ్యవేళ నిండుచేతుల దుస్తులు ధరింపవలెను. దారి తప్పినచో నిమిషమునకు ఆరుమారులు ఈల యూది, ఒక నిమిషమాగి, మరల నూదవలెనని పిల్లలకు నేర్పుడు. వాగునీటిని తెర్లునట్లు కాచి త్రాగవలెను. నెలసరి దినములు దగ్గరనున్నను లేకున్నను, దానికి కావలసినవియు, వాడినవి తిరిగి తెచ్చుకొనుటకు ఒక దళసరి సంచియు ఉంచవలెను. కొండమీద విడుచుట తగదు.

సోదరికి తిథులు గూడ చెప్పుదును. జోళ్లు కార్తికమాసములోనే కొనుడు. తక్కిన అద్దె సామానులకు ధనుర్మాసపు చివరివారము చాలును. తెచ్చిన నాటి రాత్రియే బాలికను డాబామీద ఆ సంచిలో పండుకొనబెట్టి, జిప్పు పట్టుచున్నదో లేదో నాయనమ్మగారినే చూడుమనుడు.