అమ్మకం కాదట, అద్దేనట!

రైల్వే భూములను అమ్మడం లేదనీ, అద్దెకు మాత్రమే ఇస్తున్నామనీ పాలకులు పదే పదే సెలవిస్తున్నారు. 2021 ఆగస్టులో ప్రకటించిన జాతీయ నగదీకరణ పథకంలోనూ యాజమాన్యం ప్రభుత్వానిదేనన్నారు. 6 లక్షల కోట్ల రూపాయల ఆ పథకంలో రైల్వేల వంతు సుమారు 1.52 లక్షల కోట్లు. 400 స్టేషన్లు, 265 గూడ్స్ షెడ్లతో పాటు కార్మికులు కాపురముంటున్న కొన్ని రైల్వే కాలనీలు సైతం ఆ జాబితాకెక్కాయి.

ఉన్న ఇంటిని అమ్మాలా, అద్దెకిచ్చి నిలుపుకోవాలా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు సామాన్య గృహస్థు మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. అద్దె గిట్టుబాటవుతుందా? అవసరమైనప్పుడు ఇల్లు ఖాళీ అవుతుందా? రేపు మన బిడ్డలకు ఆ ఇల్లు అక్కరకు రాదా? ప్రభుత్వాన్నీ ఆ మూడు ప్రశ్నలే అడుగుదాం.

మొదటిది అద్దె. సరకు రవాణా అవసరాలకిచ్చే రైల్వే భూమిపై ఏటా మార్కెట్ విలువలో 6 శాతంగా ఉన్న రుసుమును 2022 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 1.5 శాతానికి దించింది. అంటే కోటి రూపాయల విలువగల స్థలానికి తొలి ఏడాది రావలసిన 6 లక్షలు లక్షన్నరకు దిగజారాయి. నెలకు 12,500 రూపాయలు! అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన చందం కాక మరేమిటిది?

రెండవది గడువు. 5 ఏళ్ళ గడువును అదే నిర్ణయం 35 ఏళ్ళకు పెంచింది. పాతికేళ్ళ వయసులో చేరిన ట్రాక్‌మన్ అరవైయవ ఏట పదవీ విరమణ చేసేనాటికి గాని ఆ స్థలం తిరిగి రైల్వేల చేతికి రాదు. ఇటువంటి అద్దెకూ అమ్మకానికీ ఉన్న తేడా కాగితం మీదనే.

మూడవది రేపటి అవసరం. మూడవ లైనుకో, యార్డుకో, క్వార్టర్లకో భూమి కావలసివస్తే ప్రభుత్వం సేకరించక తప్పదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి విలువతో పాటు నూటికి నూరు శాతం సొలేషియం చెల్లించాలి. చౌకగా లీజుకిచ్చి, రెట్టింపుకు కొనడం ఏ లెక్కల పుస్తకంలో ఉన్నది? సొంత గూడు లేనివాని పాట్లు తపాలా సోదరులకు వేరే చెప్పనక్కరలేదు. అనేక పోస్టాఫీసులు నేటికీ అద్దె కొంపల్లోనే నడుస్తున్నాయి.

300 కార్గో టెర్మినళ్ళు, లక్షా పాతికవేల ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం చెప్పుకున్నది. టెర్మినళ్ళు వద్దని మనమనడం లేదు. ఖాళీ భూమి ఆక్రమణల పాలు కావాలనీ కోరడం లేదు. కాని కంటెయినర్ కార్పొరేషన్‌లో 30.8 శాతం వాటా అమ్మాలని 2019 నవంబరులో నిశ్చయించినవారే సరకు రవాణా భూమి రుసుమును తగ్గించారంటే, ఆ ఔదార్యం రాబోయే కొనుగోలుదారుని కోసం కాదా?

సోదర కార్మికులారా! ఈ భూమి ప్రజలది. కనుక మార్కెట్‌కు తగిన అద్దె, స్వల్ప గడువు, ప్రతి ఒప్పందమూ పార్లమెంటు ముందుంచడం, కాలనీ స్థలాన్ని ముట్టుకోకముందే క్వార్టర్ల నిర్మాణం: ఈ నాలుగింటికై ప్రతి బ్రాంచిలోనూ తీర్మానాలు చేసి పంపండి. అద్దె ముసుగులో సాగే అమ్మకాన్ని సంఘటితంగా ప్రతిఘటించండి!