ఏ2 లేబుల్ వెనుక శాస్త్రమెంత, వ్యాపారమెంత?

పాలు, పాల ఉత్పత్తుల ప్యాకెట్లపై ‘ఏ1’, ‘ఏ2’ అన్న ప్రచారాన్ని తొలగించాలని 2024 ఆగస్టు 21న భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఆదేశించింది. ముందే ముద్రించిన లేబుళ్లు వాడుకోవడానికి ఆరు నెలల గడువు కూడా ఇచ్చింది. ఐదు రోజులు తిరగకముందే, సంబంధిత వర్గాలతో మరింత సంప్రదింపులు జరపాల్సి ఉందంటూ ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకుంది. ఏ2 పేరుతో అదనపు ధర చెల్లిస్తున్న వినియోగదారుడి సందేహం మాత్రం తీరలేదు.

ఆవు పాలలోని ప్రొటీన్లలో దాదాపు 80 శాతం కేసీన్లే. వాటిలో ఒకటైన బీటా కేసీన్ 209 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 67వ స్థానంలో ప్రోలిన్ ఉంటే ఏ2, హిస్టిడిన్ ఉంటే ఏ1. ఇంత చిన్న మార్పుకే ఇంత వివాదం ఎందుకంటే, ఏ1 రకం జీర్ణమయ్యే క్రమంలో గొలుసు అక్కడ సులువుగా తెగి బీటా కేసోమార్ఫిన్-7 అనే ఏడు అమైనో ఆమ్లాల తునక విడుదలవుతుంది. మార్ఫిన్ అంటుకునే గ్రాహకాలకే ఇదీ అంటుకుంటుంది, అయితే దీని శక్తి చాలా తక్కువ. ఆ గ్రాహకాలు పేగుల్లోనూ ఉన్నందున ఆహారం కదలిక మందగించే అవకాశాన్ని కొట్టిపారేయలేం. 2016లో చైనాలో 45 మందిపై జరిగిన అధ్యయనంలో ఏ2 పాలు తాగినప్పుడు కడుపులో అసౌకర్యం తక్కువగా కనిపించింది. ఆ అధ్యయనానికి నిధులు సమకూర్చింది ఏ2 పాలు విక్రయించే కంపెనీయే!

మధుమేహం, గుండెజబ్బుల మాట వేరు. ఏ1 పాల వాడకానికి, ఈ వ్యాధులకు ముడిపెట్టిన తొలి వాదనలు ప్రధానంగా దేశాల మధ్య గణాంకాల పోలికపై ఆధారపడ్డాయి. దేశానికీ దేశానికీ తేడా ఒక్క పాలలోనే ఉండదు కదా! అందుబాటులో ఉన్న పరిశోధనలను సమీక్షించిన ఐరోపా ఆహార భద్రత సంస్థ, వ్యాధులకు ఈ తునకే కారణమనే సంబంధం రుజువు కాలేదని 2009లో తేల్చింది. పాలలోని లాక్టోజ్ పడనివారికి, పాల ప్రొటీన్ల అలర్జీ ఉన్నవారికి ఏ2 పాలు పరిష్కారం కావు. లాక్టోజ్ రెండింటిలోనూ ఒకటే, ఏ2 కూడా పాల ప్రొటీనే.

ఈ చర్చలో భారత్ పరిస్థితి ప్రత్యేకం. గేదె పాలలో ఉండేది ప్రధానంగా ఏ2 రకమే. ఒంగోలు, పుంగనూరు వంటి దేశీ ఆవుల జాతుల్లోనూ ఏ2 జన్యువుదే ఆధిక్యం. ఏ1 ఎక్కువగా హోల్‌స్టీన్ ఫ్రీజియన్ వంటి విదేశీ జాతులు, వాటి సంకరాల ద్వారా వచ్చింది. అంటే రోజూ గేదె పాలు పోయించుకునే తెలుగు కుటుంబం ఏ లేబులూ లేకుండానే, అదనంగా రూపాయి చెల్లించకుండానే ఏ2 పాలు తాగుతోంది. ఈ సంగతి ప్రకటనల్లో కనిపించదు.

నెయ్యి విషయంలో ప్రచారం మరీ విచిత్రం. ఏ1, ఏ2 భేదమంతా ప్రొటీన్‌కు సంబంధించినది. వెన్న కాచి వడకట్టిన నెయ్యి దాదాపు పూర్తిగా కొవ్వే. కొవ్వు ఉత్పత్తులపై ఏ2 ముద్ర తప్పుదోవ పట్టించేదేనని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తన ఆదేశంలో స్పష్టంగానే పేర్కొంది. అయినా ఆన్‌లైన్ విక్రయ వేదికలపై ఏ2 నెయ్యి సాధారణ నెయ్యికి కొన్ని రెట్ల ధర పలుకుతోంది.

మరోవైపు, దేశీ ఆవులను పోషిస్తున్న రైతుల వాదననూ తోసిపుచ్చలేం. తక్కువ పాలిచ్చే జాతికి ఎక్కువ ధర దక్కకపోతే పోషణ భారమవుతుంది. కానీ ఆ ధరకు ఎండను తట్టుకునే గుణం, జాతి పరిరక్షణ వంటి నిజమైన కారణాలున్నాయి. పాల ప్యాకెట్‌పై ఏ2 అని రాయదలచిన సంస్థ పశువుల జన్యు పరీక్ష ఫలితాన్ని, సేకరణలో ఇతర పాలు కలవలేదన్న ఆధారాన్ని చూపాలనే నిబంధన పెట్టడం కష్టమేమీ కాదు. నెయ్యికి ఆ ముద్రను నిషేధించడానికైతే కొత్త పరిశోధనలేవీ అక్కర్లేదు.