ఎంసీబీ ఉంది గదా సార్!

మొన్న వాన వెలిసిన పూట నాచారంలో ఇంటికి నడిచి వస్తూ ఒక అపార్టుమెంటు పని దగ్గర ఆగిపోయాను. స్తంభం నుంచి దించిన తీగ బురదలో పాకుతూ మిక్సరు దాకా వెళ్లింది. మధ్యలో మూడు అతుకులు. వాటికి చుట్టిన టేపు ఊడి వేలాడుతోంది. రాడ్లు కోసే మిషనుకు ప్లగ్గే లేదు. రెండు తీగల కొసలు సాకెట్టులో దూర్చి, జారకుండా అగ్గిపుల్లలు గుచ్చారు. మిషను పట్టుకున్న పిల్లగాడి కాళ్లకు చెప్పులు కూడా లేవు. ఇదేమిటని మేస్త్రీని అడిగితే, "ఏం గాదు సార్, ఎంసీబీ ఉంది గదా, పడిపోతది" అన్నాడు.

ఆ ధీమా చూసే నాకు భయం వేసింది. ఎంసీబీ ఉన్నది తీగ కాలిపోకుండా చూడటానికి. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించి కరెంటు పారాలి. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియరులో పదో వంతు చాలు. కళ్ల ముందు ప్రాణం పోతున్నా అది కదలదు.

మనిషిని కాచేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటంతా తిరిగి వస్తోందా లేదా అని అది లెక్క చూస్తూ ఉంటుంది. 30 మిల్లీఆంపియర్లు దారి తప్పితే చాలు, రెప్పపాటులో లైను తెంపేస్తుంది. దాని మీద 'టి' అని చిన్న మీట ఉంటుంది. పొద్దున్నే పనికి ముందు నొక్కి చూసుకోవచ్చు. ఒక స్లాబు ఖర్చులో దాని ధర ఏపాటి? బ్రిటన్ సైట్లలో చేతి మిషన్లకు 110 వోల్టులే వాడటం ఆనవాయితీ. ట్రాన్స్‌ఫార్మరు నడిమి నుంచి ఎర్తు ఇస్తారు కాబట్టి, తీగ తగిలినా మనిషికి, నేలకు మధ్య ఉండేది 55 వోల్టులే.

ఉప్పల్ గల్లీల్లో పైనుంచి ఇంకో గండం. 11 కేవీ తీగకు, కట్టడానికి మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలన్నది నిబంధన. బజారులో దొరికే ఇనుప రాడ్డు పొడవు 12 మీటర్లు. డాబా మీద ఇద్దరు దాన్ని ఇటు తిప్పబోతే అటు కొస ఎక్కడికి పోతుంది? పక్కనే రామంతాపూర్‌లో 2025 ఆగస్టులో కృష్ణాష్టమి రథానికి కరెంటు పాకి అయిదుగురు పోయారు. ఆ గోస ఇక్కడెవరూ మరిచిపోలేదు.

తాత్కాలిక కనెక్షన్ ఇచ్చే రోజునే విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బంది ఆర్‌సీసీబీ మీది 'టి' మీట నొక్కి చూడాలి. లైను ఆగితేనే మీటరు పెట్టాలి. కాంట్రాక్టరు మంచితనానికి వదిలేసే పని కాదిది.

మేస్త్రీ నంబరు తీసుకున్నాను. ఆదివారం తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్తున్నాను.