ఫారం అడగండి
(మన చదువులు – 9వ భాగం)



పోయిన భాగంలో ఫెలోషిప్ ఆలస్యాల గురించి రాశాను. ఈసారి లైబ్రరీ గురించి. సరిగ్గా చెప్పాలంటే, లైబ్రరీ కౌంటర్ ముందు మన నోరు పెగలకపోవడం గురించి.

నేను ఆది ఆంధ్ర ఉద్యమ సాహిత్యం మీద పీహెచ్‌డీ చేస్తున్న రోజులు. అచ్చులో లేని ఒక పుస్తకం కావాలి. మా యూనివర్సిటీలో లేదు. పక్క రాష్ట్రంలో ఒకచోట ఉందని తెలిసి, జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి వెళ్లాను. గైడ్ ఉత్తరం లేకుండా బయటివాళ్లను రానివ్వం అన్నారు. వట్టి చేతులతో తిరిగొచ్చాను. ఆ నెల మెస్ బిల్లు అప్పు చేసి కట్టాను.

ఏడాది తర్వాత తెలిసింది, మా లైబ్రరీలోనే ఇంటర్ లైబ్రరీ లోన్ ఉందని. నా పక్క సీటు స్కాలర్ మొదటి ఏడాది నుంచే వాడుకుంటున్నాడు. వాళ్ల నాన్న ప్రొఫెసర్. అతనికి అది ఇంట్లో అన్నం తింటూ తెలిసిన సంగతి. నేను వెళ్లి అడిగితే కౌంటర్‌లో ఆయన "అది ప్రొఫెసర్లకమ్మా" అన్నాడు. రూల్సులో అలా లేదు. చూపించమని నేను అడగలేదు. తలూపి వచ్చేశాను. ఆయన అన్న మాట మర్చిపోయాను గానీ, నేను తలూపడం మర్చిపోలేదు.

మహద్‌ను గుర్తుచేసుకోండి. ప్రభుత్వ చెరువులూ బావులూ అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ మరుసటి ఏడాది ఒప్పుకుంది. అయినా 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట వేల మంది నడిచి వెళ్లి దోసిళ్లతో తాగేదాకా మనవాళ్లు ఆ నీళ్లు ముట్టలేకపోయారు. ఆ తర్వాత కూడా 1937 దాకా కోర్టులో కొట్లాడాల్సి వచ్చింది. రూలు రాసి ఉన్నంత మాత్రాన నీళ్లు గొంతు దిగవు.

ఇక పని ఎలా జరుగుతుందో చెప్తాను. పుస్తకం ఎక్కడుందో ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇండ్‌క్యాట్‌లో వెతకండి. మీ కాలేజీ డెల్‌నెట్ సభ్యురాలేమో అడగండి. రచయిత, పేరు, ప్రచురణకర్త, సంవత్సరం రాసి ఫారం ఇవ్వండి. అప్పు అడిగేది మీరు కాదు, మీ లైబ్రరీ, పూచీ దానిదే. రిఫరెన్స్ పుస్తకాలు, అరుదైన ప్రతులు సాధారణంగా పంపరు. అప్పుడు కావలసిన పేజీల నకలు అడగండి. కొరియర్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ముందే తేల్చుకోండి. సిద్ధాంత గ్రంథాలకైతే శోధ్‌గంగ ఉంది. అక్కడ ఎవరి సంతకమూ అక్కర్లేదు.

"ఇప్పుడన్నీ పీడీఎఫ్‌లే కదా" అంటారు కొందరు. మన పుస్తకాలు చాలావరకు చిన్న ప్రచురణలు. సభల్లో బల్ల మీద పెట్టి అమ్ముడుపోయినవి. అవి పీడీఎఫ్‌లుగా దొరకడం అరుదు. ఏ లైబ్రరీ కొనకపోతే అప్పుగానూ రావు. అందుకే కొనుగోలు సిఫారసు ఫారం కూడా నింపండి. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అని రంగనాథన్ 1931లోనే సూత్రాలు రాశాడు. మనం అడగకపోతే, దళిత సాహిత్యానికి పాఠకులు లేరని ఆ రిజిస్టరే సాక్ష్యం చెబుతుంది.

లేదంటే లేదని రాసివ్వమనండి. నోటిమాట మీద వెనక్కి రావద్దు.

మొన్న మా ఎంఏ విద్యార్థిని ఒకమ్మాయి వచ్చింది.
"పుస్తకం లేదన్నారు మేడమ్."
"ఫారం ఇచ్చావా?"
"లేదు మేడమ్."
"ఇచ్చి రా. నకలు మీద సంతకం పెట్టించుకో."

సాయంత్రం ఆ నకలు ఫోటో పంపింది. పుస్తకం ఇంకా రాలేదు. ఆమె అడిగినట్టు మాత్రం ఇప్పుడు కాగితం ఉంది. నా దగ్గర ఆనాడు అది కూడా లేదు.

జై భీమ్.