మెయిన్‌ఫ్రేమ్ కోర్సు: పుస్తకాలు ఉచితమే.. మిషనే దొరకదు!

2012 జూన్‌లో బ్రిటన్‌లోని రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ గ్రూపు కంప్యూటర్లు ఒక్కసారిగా మొరాయించాయి. రాత్రిపూట బ్యాచ్ జాబులను వరుసగా నడిపే సాఫ్ట్‌వేర్‌ను అప్‌గ్రేడ్ చేశారు. ఏదో తేడా కనిపించడంతో పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లారు. అలా వెళ్తే ఏమవుతుందో మాత్రం ముందుగా పరీక్షించి చూడలేదు. ఫలితం.. కనీసం 65 లక్షల మంది ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. బ్యాలెన్సులు తప్పు చూపించాయి, చెల్లింపులు ఆగిపోయాయి. అదే గ్రూపులోని ఉల్‌స్టర్ బ్యాంకు ఖాతాదారులైతే వారాల తరబడి అవస్థ పడ్డారు. 2014 నవంబరులో నియంత్రణ సంస్థలు మొత్తం 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

ఆ రోజుల్లో బ్రిటన్ మీడియాలో హైదరాబాద్ పేరు కూడా వినిపించింది. ఈ పనుల కోసం ఆ బ్యాంకు ఇక్కడ మనుషులను తీసుకుందని, పొరపాటు ఇక్కడి కుర్రాళ్లదే అయి ఉండొచ్చని ఊహాగానాలు నడిచాయి. ఆ వ్యవస్థలను చూసేది ఎడిన్‌బరో టీమేనని బ్యాంకు సీఈఓ స్టీఫెన్ హెస్టర్ పార్లమెంటు కమిటీకి రాసిన లేఖలో చెప్పారు. అలా నింద తప్పింది. కానీ ఒక సంగతి అప్పుడే తేలిపోయింది. ఎక్కడో ఉన్న బ్యాంకుల లెక్కలు హైదరాబాద్ కుర్రాళ్ల చేతుల్లోనూ ఉన్నాయి. మరి ఆ చేతులకు పని నేర్పేది ఎవరు? ఎక్కడ?

అడిగితే అందరూ చూపించేది అమీర్‌పేటనే. 2000 సంవత్సరానికి ముందు వైటూకే భయం పట్టుకున్నప్పుడు కోబాల్, జేసీఎల్, డీబీ2 అని బోర్డులు వెలిశాయి. మూడు నెలల కోర్సు చేసి అమెరికా విమానం ఎక్కినవాళ్ల కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథలు విన్న తండ్రులే ఇప్పుడు గల్ఫ్ నుంచి ఫీజు డబ్బులు పంపుతున్నారు. పిల్లలు మలక్‌పేట నుంచి మెట్రోలో, టోలిచౌకీ నుంచి బస్సులో క్లాసులకు వెళ్తున్నారు.

కాలం చెల్లిన చదువా అంటే, కాదు. ఐబీఎం సిస్టమ్/360ని ప్రకటించింది 1964 ఏప్రిల్ 7న. దాని వారసురాలు జెడ్17 వచ్చింది 2025లో. అపోలో చంద్రయానం విడిభాగాల లెక్కల కోసం మొదలైన ఐఎంఎస్ డేటాబేస్ నేటికీ నడుస్తోంది. 1983లో ప్రకటించిన డీబీ2 పెద్ద బ్యాంకులు, బీమా కంపెనీల్లో రోజూ పని చేస్తోంది. 2020 ఏప్రిల్‌లో కరోనా వేళ నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని బహిరంగంగా కోరారు.

ఆ పిలుపు వచ్చిన నెలలోనే ఐబీఎం, ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టు కలిసి ఉచిత కోబాల్ కోర్సును బయటపెట్టాయి. అది ఇప్పటికీ ఉంది. ఐబీఎం రెడ్‌బుక్స్ పేరుతో వచ్చే లావుపాటి పుస్తకాలు, డీబీ2 మాన్యువల్స్ అన్నీ ఇంటర్నెట్‌లో ఉచితమే. అంటే జిరాక్స్ నోట్సు కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. ఆ నోట్సులో చాలామటుకు ఈ మాన్యువల్స్ నుంచి ఎత్తినవే.

కొరత ఉన్నది మిషన్ విషయంలోనే. జావా, పైథాన్ నేర్చుకునే పిల్లకు ఇంట్లో లాప్‌టాప్ చాలు. జెడ్/ఓఎస్ అలా కాదు. హెర్క్యులిస్ అనే ఉచిత ఎమ్యులేటర్‌పై పాతకాలపు ఎంవీఎస్ 3.8ను నడపొచ్చు. జేసీఎల్ అలవాటు కావడానికి అది బాగానే పనికొస్తుంది, డీబీ2 మాత్రం అందులో ఉండదు. విండోస్, లినక్స్‌పై నడిచే డీబీ2 కమ్యూనిటీ ఎడిషన్ ఉచితమే. ఎస్‌క్యూఎల్ దాదాపు అదే. కానీ మెయిన్‌ఫ్రేమ్ డీబీఏ రోజువారీ పని దాంట్లో కనపడదు. ‘డీబీ2తో సహా మొత్తం సిస్టమ్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం’ అని ఎవరైనా అంటే అది లైసెన్సు లేని కాపీ అనే అనుకోవాలి.

ఆ రోజువారీ పని ఎలా ఉంటుందో చూడండి. డీబీ2 వాడే కోబాల్ ప్రోగ్రామ్‌ను ప్రీకంపైల్ చేస్తే రెండుగా విడిపోతుంది. ఒకటి నడిచే లోడ్ మాడ్యూల్ అవుతుంది, రెండోది డీబీఆర్ఎం. దాన్ని బైండ్ చేయాలి. రెండింటి మీదా ఒకే టైమ్‌స్టాంప్ ఉంటుంది. ఎవరో హడావుడిలో ప్రోగ్రామ్‌ను మళ్లీ కంపైల్ చేసి బైండ్ మర్చిపోయారనుకోండి. అర్ధరాత్రి జాబు మైనస్ 818 అని చెప్పి పడిపోతుంది. మైనస్ 805 అయితే ప్యాకేజీయే కనపడలేదని అర్థం. రెండు జాబులు ఒకదాని కోసం ఒకటి కూర్చుంటే డీబీ2 ఒకదాన్ని బలి ఇస్తుంది, అది మైనస్ 911. మాన్యువల్‌లో వీటికి చిన్న పేరా చొప్పున వివరణ ఉంటుంది. ఇంటర్వ్యూ కోసం బట్టీ పట్టొచ్చు కూడా. కానీ జాబును మళ్లీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి, అప్పటికే సగం మారిన డేటా సంగతేంటి అన్నది స్వయంగా పడగొట్టి, లేపి చూసినవాళ్లకే తెలుస్తుంది. ఇమేజ్ కాపీ తీయడం అందరూ నేర్పుతారు. ఆ కాపీ నుంచి టేబుల్‌స్పేస్‌ను రికవర్ చేయించే చోట్లు తక్కువ. 2012లో ఆ బ్యాంకు బోల్తా పడింది కూడా వెనక్కి వచ్చే దారిలోనే.

అందుకే ‘45 రోజుల్లో డీబీఏ’ అనే ప్రకటనను నమ్మడం కష్టం. డీబీఏ అనేది ఫ్రెషర్‌కు ఇచ్చే కుర్చీ కాదు. ఏ కంపెనీ కూడా కొత్తగా వచ్చినవాడి చేతికి సిస్‌యాడ్మ్ అధికారం ఇవ్వదు. మామూలు దారి డెవలపర్‌గానో, ప్రొడక్షన్ సపోర్టులోనో చేరడం. నాలుగైదేళ్లు రాత్రి షిఫ్టుల్లో నలిగాక అటు మళ్లడం. ఈ మాట చెప్పకుండా ఫీజు కట్టించుకుని, తర్వాత మూడేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్‌తో రెజ్యూమె రాసిచ్చే చోట్లూ ఉన్నాయి. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికితే పోయేది పిల్లవాడి ఉద్యోగమే. రాసిచ్చినవాళ్లకు ఏమీ కాదు.

చట్టబద్ధంగా, పైసా ఖర్చు లేకుండా అసలు మిషన్ ముట్టుకునే మార్గం ఒకటుంది. పేరు ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్. 2005లో మొదలైన మాస్టర్ ది మెయిన్‌ఫ్రేమ్ పోటీకి కొనసాగింపు ఇది. నమోదు చేసుకుంటే యూజర్ ఐడీ ఇస్తారు. వీఎస్ కోడ్ వేసుకున్న మామూలు లాప్‌టాప్‌తో ఇంటి నుంచే అసలైన జెడ్/ఓఎస్‌లోకి వెళ్లి పనులు ఒక్కొక్కటీ పూర్తి చేయొచ్చు. పెళ్లయ్యాక చదువు ఆపేసిన అమ్మాయిలకు, రోజూ అమీర్‌పేట వెళ్లలేని కర్నూలు, కడప పిల్లలకు ఇది చాలా వీలు. డీబీఏ అధికారాలు ఇక్కడా ఇవ్వరు. కానీ ఫీజు కట్టేముందు ఓ నెల ఇక్కడ గడిపితే ఈ పని మనకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది.

ఇంకో చిక్కు భాషది. ఇదంతా ఇంగ్లిషే. ఉర్దూ మీడియం పిల్లవాడికి క్లాసులో తెలుగు కలిపి చెప్పే సార్ మాట సగమే అందుతుంది, తెలుగు మీడియం పిల్లవాడికి మాన్యువల్ భయం. నిజానికి ఎర్రర్ మెసేజ్‌ల ఇంగ్లిష్ పొడిపొడిగా, ఒకే మూసలో ఉంటుంది. రోజుకు పది చదివితే రెండు నెలల్లో అలవాటవుతుంది. స్పోకెన్ ఇంగ్లిష్ కంటే ఇది తేలికే.

కోబాల్‌ను జావాలోకి మార్చే ఏఐ సాధనాన్ని ఐబీఎమ్మే 2023లో ప్రకటించింది. పాత ప్రోగ్రామ్‌ను చదివి అర్థం చెప్పే పని వరకు అలాంటివి పనికొస్తాయి. కోడ్ రాయడం ఒక్కటే వచ్చినవాళ్లపై ఆ ఒత్తిడి ముందుగా పడొచ్చు. రికవరీ తెలిసినవాళ్ల మీద అంత తొందరగా పడకపోవచ్చు.

కాబట్టి డెమో క్లాసులో అడగాల్సింది ప్యాకేజీ ఎంత అని కాదు. లాగిన్ ఐడీ ఏ రోజు ఇస్తారు? ఎవరి మిషన్ మీద, ఏ లైసెన్సుతో? క్లాసు అయ్యాక ఇంటి నుంచి పని చేస్తుందా? కాపీ, రికవర్, రీఆర్గ్, రన్‌స్టాట్స్ జాబులు పిల్లలే సబ్మిట్ చేస్తారా, సార్ స్క్రీన్ మీద చూపించి ఊరుకుంటారా? జవాబులు సరిగా వస్తే ఫీజు కట్టొచ్చు. లేదంటే ఆ డబ్బును ఇంట్లో మంచి లాప్‌టాప్‌కు, నెట్ కనెక్షన్‌కు పెట్టినా ఎక్కువే నేర్చుకుంటారు.